ప్రెసిడెంటు గారి ఉప్పు

కిందటి నెల కాకినాడలో ఆయన సంతాప సభకి వెళ్ళాను. వేదిక వెనక కట్టిన బ్యానరు మీద ఆయన ఫొటో, దాని కింద ‘విలువలతో వ్యాపారం చేసిన మహనీయుడు’ అని పెద్ద అక్షరాలు. మాట్లాడినవాళ్ళంతా ఆ ముక్కనే అటు తిప్పి ఇటు తిప్పి చెప్పారు. ఎగుమతిదార్ల తరఫున వచ్చినాయన ఇంకాస్త ముందుకెళ్ళి, విదేశీ కంపెనీలు సామాజిక బాధ్యత అని ఇప్పుడిప్పుడే మాట్లాడుతున్నాయి గాని మన ప్రెసిడెంటు గారు దాన్ని ఎప్పుడో ఆచరించి చూపించారు, నష్టం వస్తుందని తెలిసీ తెల్లదొరల ముందు నిజం చెప్పారు అన్నాడు. చప్పట్లు కొట్టారు. సంతాప సభలో చప్పట్లు కొట్టకూడదని ఎవరికీ తోచలేదు. నా పక్కన కూర్చున్న ఫ్యాక్టరీ పాత మేనేజరు నా మోకాలు గిల్లి, “మాస్టారూ, మజ్జిగ సంగతేనండీ చెప్తున్నాడు” అన్నాడు. అవునన్నాను.

నన్ను కూడా రెండు మాటలు మాట్లాడమన్నారు. లేవలేదు. ఆయన గురించి మొదలుపెడితే నాలుగో మాటకి నాకు కోపం వస్తుంది. పోయిన మనిషి మీద మైకు పట్టుకుని కోపం తెచ్చుకోవడం బాగుండదు. అందుకని ఇప్పుడిలా రాస్తున్నాను.

ఆయన రొయ్యల ఫ్యాక్టరీలో నేను ఇంగ్లీషు వ్యవహారాలు చూసేవాణ్ణి. అంతకు ముందు రాజమండ్రిలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పాను కాబట్టి ఫ్యాక్టరీలో అందరికీ మాస్టార్ని. ఆయన అందరికీ ప్రెసిడెంటు గారు. ఎప్పుడో ఒక దఫా ఊరి పంచాయతీకి ప్రెసిడెంటుగా చేశారు. పదవి పోయినా పిలుపు మిగిలింది. వరి పండించిన కుటుంబం. తొంభైలలో చుట్టూ చేలన్నీ రొయ్యల చెరువులైపోతుంటే, ఆయన మరో అడుగు వేసి, సముద్రం రోడ్డు పక్కన రొయ్యల్ని వొలిచి, కడిగి, గడ్డకట్టించి పై దేశాలకు పంపే ఫ్యాక్టరీ పెట్టారు. ఆయనకి ఇంగ్లీషు రాదు. కొనేవాళ్ళకి తెలుగు రాదు. మధ్యలో నేను.

తెల్ల చొక్కా, తెల్ల పంచె, చేతి గడియారం డయలు మణికట్టు లోపలివైపుకి. టైము చూసుకున్నప్పుడల్లా అరచెయ్యి చూసుకున్నట్టుండేది. రోజూ టన్నుల కొద్దీ రొయ్యలు ఆయన కళ్ళముందు నుంచి వెళ్ళేవి గాని ఒక్కటి కూడా నోట పెట్టేవారు కాదు. ఎవరైనా అడిగితే “వాసనకే కడుపు నిండిపోద్దండీ” అనేవారు. ఎదుటి మనిషి ఇంగ్లీషులో మాట్లాడుతున్నంతసేపూ అర్థమైనట్టే తల పంకించేవారు. చివర్లో నా వైపు తిరిగి “ఏంటంట?” అనేవారు.

అబద్ధాలు బాగా ఆడేవారు. ఈ మాట సభలో ఎవరూ చెప్పలేదు. నిజం చెప్పేటప్పుడు ఆయన మాట పొట్టిగా ఉండేది. అబద్ధమైతే వివరాలు వచ్చేవి. సరుకు ఓడెక్కిందా అని కొనుగోలుదారు ఫోను చేస్తాడు. సరుకు ఇంకా మా కోల్డు రూములోనే ఉంటుంది. ఈయన ఫోనుకి దగ్గరగా వంగి, “ఎక్కేసిందని చెప్పండి మాస్టారూ. ఎక్కించేటప్పుడు నాలుగు చినుకులు పడితే టార్పాలిన్ కప్పించానని చెప్పండి” అనేవారు. నేను చినుకులతో సహా, టార్పాలిన్‌తో సహా చెప్పేవాణ్ణి. ఒక ముక్క తీసేవాణ్ణి కాదు, ఒక ముక్క కలిపేవాణ్ణి కాదు. నిజమో అబద్ధమో ఆయన చూసుకోవాలి, అటు మాట ఇటు చేర్చడం వరకే నా ఉద్యోగం అనుకునేవాణ్ణి. అప్పట్లో నాకా ఏర్పాటు శుభ్రంగానే కనిపించింది.

అయితే ఆయనకొక పట్టింపు ఉంది. తన ఉప్పు తిన్న మనిషితో అబద్ధం ఆడరు. సాధారణంగా ఎవరైనా తమ ఉప్పు తిన్నవాడి నుంచి విశ్వాసం కోరుకుంటారు. ఈయన లెక్క తిరగేసి ఉండేది. ఉప్పు పెట్టినవాడికే కట్టుబాటు. ఎక్కణ్ణుంచి వచ్చిందీ పట్టింపు అని అడిగితే “మా అమ్మ చంపేస్తుందండీ” అనేవారు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది.

దీన్తో మేం పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. చెరువు రైతు రేటు మాట్లాడుకోవడానికొస్తాడు. మధ్యాహ్నం వేళ. గోదావరి జిల్లా మనిషి కదా, భోంచేయమనకుండా ఉండలేరు. రైతు నాలుగు ముద్దలు తినగానే ఈయన గొంతు తగ్గిపోయేది. “ఈ రేటుకి నాకివ్వకండి. రేపటికి పెరుగుద్ది, ఆగండి” అనేవారు. మేనేజరు తల పట్టుకునేవాడు. పన్నుల ఆఫీసరు వస్తే మాత్రం వంటావిడ ఊరెళ్ళిందని చెప్పి, కారిచ్చి మరీ హోటలుకి పంపేవారు. మాకు వంటావిడని పెరటి గుమ్మంలోంచి బయటికి రాకుండా చూడడమే ఆ రోజు డ్యూటీ.

“కాఫీ ఇవ్వొచ్చాండీ?” అని మేనేజరు ముందే అడిగేవాడు.

“కాఫీలో ఉప్పెక్కడిది? ఇవ్వండి.”

“బిస్కెట్లు?”

“తీపివా, ఉప్పువా?”

“కలిపి ఉన్నాయండి.”

“తీపివి ఏరి పెట్టండి.”

ఇలా ఇద్దరు పెద్దమనుషులు బిస్కెట్లు ఏరుకుంటూ కూర్చోవడం నేను చూశాను.

రెండు వేల సంవత్సరం దాటాక పై దేశాల కంపెనీలకి కొత్త పట్టుదల వచ్చింది. మా సరుకులో పెద్ద వాటా కొనే యూరపు సూపర్‌బజార్ల కంపెనీ ఒక నియమావళి పంపింది. పనివాళ్ళకి చేతి తొడుగులు, మరుగుదొడ్లు, పిల్లల చేత పని చేయించకపోవడం, కడిగిన నీళ్ళు శుద్ధి చేయకుండా బయటికి వదలకపోవడం. నేను తెలుగులోకి రాసి చదివి వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుని మొత్తం విన్నారు.

“బావుందండీ. ఒక్కటీ చెడ్డమాట లేదు. ఇందులో రేటు ఎక్కడుంది?”

“రేటు ఇందులో ఉండదండి. అది వేరే.”

“ఇవన్నీ చేస్తే ఎంత పెంచుతారంట?”

“పెంచుతామని లేదండి.”

“అంటే మన ఖర్చుతో ఆళ్ళు మంచోళ్ళవుతారు.” కళ్ళు తెరిచి గడియారం చూసుకున్నారు. “కట్టించండి.”

ఫ్యాక్టరీ వెనక నీటి శుద్ధికి తొట్లు కట్టించారు. ఆ తొట్లలోకి గాలి కొట్టడానికి ఒక పెద్ద మోటారు. రాత్రింబవళ్ళూ తిరిగితేనే నీళ్ళు శుభ్రపడతాయి. తిరిగితే కరెంటు బిల్లు చూసి గుండె ఆగిపోతుంది. కాబట్టి తనిఖీకి మనుషులొచ్చే రోజు పొద్దున్నే మోటారు వేసేవారు, వాళ్ళ కారు గేటు దాటగానే ఆపేసేవారు. మిగతా రోజుల్లో రొయ్య తలల రసం, నురగ, మందు నీళ్ళు అలాగే డ్రెయినులోకి, డ్రెయినులోంచి ఉప్పుటేట్లోకి. ఆ ఏటి ఒడ్డునే జాలర్ల పేట. మా దగ్గర రొయ్యలు వొలిచే ఆడవాళ్ళంతా ఆ పేటవాళ్ళే. పొద్దున్నే మా వ్యాను వెళ్ళి వాళ్ళని ఎక్కించుకొచ్చేది. పగలు వాళ్ళు వొలిచిన రొయ్యల నీళ్ళు సాయంత్రానికి వాళ్ళ మగవాళ్ళ వలల్లోకి చేరేవి. అందరికీ తెలుసు. వలలు ఖాళీగా వస్తున్నాయని ఇంట్లో పోట్లాడుకునేవారు, పొద్దున్నే వ్యానెక్కేవారు.

వాళ్ళకి పెద్దలాంటిది మరిడమ్మ. వొలవడంలో చెయ్యి చురుకు, నోరు అంతకంటే చురుకు. ప్రెసిడెంటు గారితో ఎదురుగా నిలబడి మాట్లాడేది ఆవిడొక్కతే. ఎండాకాలం పనివాళ్ళకి మజ్జిగ పోయించడం ప్రెసిడెంటు గారి అలవాటు. పెరుగు ఆయన ఇంటినుంచే వచ్చేది. కుండలో కలిపి, అల్లం, కరివేపాకు, ఉప్పు వేసి పొయ్యడం మరిడమ్మ పని.

తనిఖీకి వచ్చే అమ్మాయిది పుణె. ఆ యూరపు కంపెనీ కోసం ఫ్యాక్టరీలు చూసి నివేదికలు పంపే సంస్థలో పని చేసేది. తెలుగు ఒక్క ముక్క రాదు. తనిఖీ చేసే చోట ఏమీ తీసుకోకూడదని వాళ్ళ నియమం. తన నీళ్ళ సీసా తనే తెచ్చుకునేది, తన రొట్టె తనే తినేది. రెండుసార్లు వచ్చింది, మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఇంకొకరైతే ఈయన చిన్నబుచ్చుకునేవారు. ఈ పిల్లని మాత్రం తెగ మెచ్చుకున్నారు. “ఎంత పద్ధతైన పిల్లండీ!” అని, మోటారు ఇరవై నాలుగు గంటలూ తిరుగుతుందని, మొన్న అమావాస్యకి బేరింగు పోతే రాత్రికి రాత్రి రాజమండ్రి నుంచి మెకానిక్కుని పిలిపించానని ధారాళంగా చెప్పారు. నేను బేరింగుతో సహా చెప్పాను.

మూడోసారి రోహిణీకార్తెలో వచ్చింది. ఆ ఎండల్లో మా రోడ్డు మీద తారు చెప్పులకంటుకునేది. అమ్మాయి తొట్ల చుట్టూ తిరిగింది, మోటారు చూసింది, ఎన్ని గంటలు తిరుగుతుందని మళ్ళీ అడిగింది. ఈయన మళ్ళీ ఇరవై నాలుగు అన్నారు. సీసాలో నీళ్ళెప్పుడో అయిపోయినట్టున్నాయి. షెడ్డు వైపు నడుస్తూ నడుస్తూ గోడ పట్టుకుని కూలబడింది. మొహం పాలిపోయింది. మేమంతా కంగారులో ఉండగా మరిడమ్మ లోపల్నుంచి పరుగెత్తుకొచ్చి, ఆ పిల్ల తల తన ఒళ్ళో పెట్టుకుని, గ్లాసు నోటికానించింది. అమ్మాయి రెండు గ్లాసులు గటగటా తాగింది. కాసేపటికి కళ్ళు తెరిచి, మరిడమ్మ చెయ్యి పట్టుకుని నవ్వింది.

ప్రెసిడెంటు గారు నవ్వలేదు. “ఏం పట్టావే?” అన్నారు.

“మజ్జిగండి.”

“ఉప్పేశావా?”

“ఉప్పెయ్యకుండా మజ్జిగేటండీ? ఈ ఎండకి రెండు చిటికెలు ఎక్కువే ఏశాను.”

మేనేజరు నా మొహం చూశాడు, నేను ప్రెసిడెంటు గారి మొహం చూశాను. ఆయన గడియారం చూసుకున్నారు. తర్వాత ఒక స్టూలు లాక్కుని ఆ అమ్మాయి ఎదురుగా కూర్చున్నారు. మేనేజరు వెనకనుంచి ఆయన చొక్కా లాగుతున్నాడు, “మరిడమ్మ ఇచ్చిందండీ, మీరు కాదు” అని గొణుగుతున్నాడు. “పెరుగు మనదే” అన్నారాయన వెనక్కి తిరక్కుండానే.

“అమ్మా, ఇందాక చెప్పింది తప్పు. ఆ మోటారు మీరొచ్చిన రోజే తిరుగుద్ది.”

ఆయన నా వైపు చూశారు. నేను ఇంగ్లీషులో చెప్పాను. అమ్మాయి లేచి కూర్చుని, సరిగ్గా విన్నానా, మళ్ళీ చెప్పమనండి అంది. ఆయనకి ఆ మాట చేరవేశాను. ఆయన ఈసారి నా మొహంలోకి చాలాసేపు చూశారు. “మీరొచ్చిన రోజే. తక్కిన రోజులు ఆపేసుంటుంది. నీళ్ళు ఏట్లోకి పోతాయి” అని నెమ్మదిగా, ముక్క ముక్క విడదీసి అన్నారు. నేనూ అంతే నెమ్మదిగా చెప్పాను. అంత పెద్ద ఆర్డరు, అంతమంది పని ఒక గ్లాసు మజ్జిగ కోసం వదులుకోగల మనిషి దగ్గర పని చేస్తున్నానని గర్వపడ్డాను. ఆ గర్వం చాలాకాలం దాచుకున్నాను. ఇద్దరు ముగ్గురికి చెప్పాను కూడా. సంతాప సభ దాకా పాకింది అలాగే అయ్యుంటుంది.

నెల తిరక్కుండా ఆర్డరు ఆగిపోయింది. మాంచి సీజను. వ్యాను పేటకి వెళ్ళడం మానేసింది. ఆ యూరపు కంపెనీ మా రోడ్డులోనే ఇంకొక ఫ్యాక్టరీ దగ్గర కొనడం మొదలుపెట్టింది. అక్కడ కూడా తొట్లున్నాయి, మోటారుంది, అదీ తనిఖీ రోజే తిరుగుతుంది. ఆ యజమాని ఎవరికీ మంచినీళ్ళు కూడా ఇచ్చేరకం కాదు కాబట్టి ఏ ఇబ్బందీ రాలేదు. కొన్నాళ్ళు ఇంట్లో కూర్చున్నాక పేట ఆడవాళ్ళు ఆ ఫ్యాక్టరీకే నడిచి వెళ్ళి, అవే రొయ్యల్ని, అదే కంపెనీకి, తక్కువ కూలికి వొలిచారు.

వెళ్ళేముందు మరిడమ్మ ఆఫీసు మెట్ల దగ్గరికి వచ్చింది.

“ఆ పిల్లకి నిజం చెప్పేసి మీరు పున్నెం కట్టుకున్నారండి. మా పొయ్యిలో పిల్లి పడుకుందండి.”

“మజ్జిగ పట్టింది ఎవరే?”

“పడిపోతే పట్టనేటండీ? నేను మజ్జిగ పట్టాను. మీరు నోరు ఇప్పారు. మోటారు తిప్పుంటే ఈ రెండూ అక్కర్లేదు కదండీ?”

ఆయన లోపలికి వెళ్ళి, ఇకనుంచి మజ్జిగలో ఉప్పు కలపొద్దని, ఉప్పు విడిగా గిన్నెలో పెట్టమని, ఎవరికి కావాలంటే వాళ్ళే వేసుకోవాలని హుకుం జారీ చేశారు. అంత జరిగాక ఆయన దిద్దుకున్నది అది. నాకు నెత్తి బాదుకోవాలనిపించింది.

ఆ ఏడాదే యూరపు కంపెనీ తన సామాజిక బాధ్యత కింద పేట పిల్లలకి స్కూలు సంచులు పంపింది. సంచి మీద నీలం సముద్రం, ఎగురుతున్న చేప, కంపెనీ గుర్తు. వాళ్ళ ఫొటోగ్రాఫరు పిల్లల్ని ఏటి ఒడ్డున నిలబెట్టి, కంపు భరించలేక ముక్కుకి రుమాలు కట్టుకుని ఫొటోలు తీశాడు. పిల్లల్ని మాత్రం నవ్వమన్నాడు.

సీజను మొదట్లో ఫ్యాక్టరీ సిబ్బందితో అన్నవరం వెళ్ళి వ్రతం చేయించుకోవడం ప్రెసిడెంటు గారి ఆనవాయితీ. మరుసటి ఏడు ఆర్డరు లేకపోయినా వెళ్ళాం. వ్రతం అయింది, కథ విన్నాం, ఆకు దొన్నెల్లో ప్రసాదం తీసుకుని కొండ మీద ఒక గోడ పక్క నీడలో కూర్చున్నాం. కింద పంపా నది నీళ్ళు తళతళలాడుతున్నాయి. మిగతావాళ్ళు ఫొటోలు దిగడానికి వెళ్ళారు. యూరపు కంపెనీ మళ్ళీ తనిఖీ చేసి చూస్తామందని, అది కుదిరితే పేట ఆడవాళ్ళని వెనక్కి పిలవచ్చని ఆయన అన్నారు. నేను సంతోషించి, ఆ రోజు మీరు చేసింది ఎవరూ చేయలేరండి అన్నాను. ఇన్నాళ్ళూ ఆయన ముందు అనలేదు.

ఆయన ప్రసాదం తింటున్నవారల్లా ఆపి నన్ను చూశారు.

“నేనేం చేశాను? చేసింది నువ్వు.”

నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి.

“నేనేం చేశానండీ?”

“ఉన్నదున్నట్టు చెప్పేశావు. నేను తెలుగులో చెప్పాను. ఆ పిల్లకి తెలుగు రాదు. నా మాట నేను నిలబెట్టుకున్నాను, మా అమ్మకి జవాబు చెప్పుకోగలను. ఇంగ్లీషులో ఏం చెప్పాలో అది నీ చేతిలో పని. నువ్వు ఆ పిల్లకి ఏం పెట్టలేదు కదా? నీకేంటి అడ్డం?”

“నాకెలా తెలుస్తుందండీ?” అన్నాను.

“ఎమ్మే చదివావు! రెండోసారి చెప్పేటప్పుడు నీ మొహంలోకి అంతసేపు చూశానే! మార్చవయ్యా, మార్చవయ్యా అని చూశాను. నువ్వేమో గుళ్ళో నిలబడ్డట్టు నిలబడ్డావు.”

నాకు అంత గర్వం తెప్పించిన చూపు అది. కోపం వచ్చింది. నేను ఆరాధించిన నిజాన్ని ఆయన నాకు అబద్ధం చెయ్యమని అప్పగించారు. తన చేతులు కడుక్కుని నీళ్ళు నా మీద పోశారు. తొట్టి దాటించి డ్రెయినులోకి వదిలినట్టే. కంపెనీ తన బాధ్యతని ఆయన మీదికి తోసింది, ఆయన నా మీదికి తోశారు, చివరికి అది మరిడమ్మ ఇంటిముందు తేలింది. ఆ మాటే అన్నాను. ఇంత బాగా అనలేదు, తడబడుతూ అన్నాను.

ఆయన దొన్నె మడిచి పక్కన పెట్టారు.

“సరేనండీ,” అన్నాను, “వచ్చే తనిఖీకి వేరేవాళ్ళని పెట్టుకోండి. బాగా మార్చి చెప్పేవాళ్ళు కాకినాడలో బోలెడుమంది.”

“చూశాను. ఒకడొచ్చాడు. ఏది చెప్పమంటే అది చెప్తానండీ అన్నాడు.”

“మరి?”

“ఆ పిల్లకి ఏం చెప్తాడో, ఆ పిల్ల ఏమందని నాకు చెప్తాడో నాకెలా తెలుస్తుందయ్యా? ఇంగ్లీషు నాకు రాదు కదా! రేపు రేటు దగ్గర కూడా అలాగే మార్చాడనుకో, నేను మునిగిపోతాను.” విసుగ్గా మొహం పక్కకి తిప్పుకున్నారు. “నువ్వయితే మారవు. ఈసారి కూడా నువ్వే రావాలి.”

“వస్తాను గాని, ఆ మోటారు సంగతి అడిగితే ఉన్నదే చెప్తానండి. మీ మొహం చూడను.”

“తెలుసులేవయ్యా! తెలిసే కదా, మొన్నట్నుంచి ఆపకుండా తిప్పిస్తున్నాను. ఆపితే నీతో వేగలేను. తిప్పితే కరెంటోళ్ళతో వేగలేను.”

ఆయన నన్ను నమ్ముతున్నానని చెప్పింది ఆ ఒక్కసారే, అదీ తిట్టినట్టు. నిజాయితీ మీద ప్రేమతో ఆయన మోటారు తిప్పలేదు. నమ్మకమైన అబద్ధాలకోరు దొరక్క తిప్పారు. బ్యానరు మీద రాయదగ్గ సంగతి కాదు.

తనిఖీ జరిగింది. ఎన్ని గంటలు తిరుగుతుందని అడిగితే ఆయన “ఆపట్లేదు” అని ఒక్క ముక్కలో చెప్పారు. బేరింగూ లేదు, అమావాస్యా లేదు. నేను చెప్పాను. ఆర్డరు తిరిగొచ్చింది. రేటు పెరగలేదు. మొదటి రోజు వ్యాను లోపలికి రాగానే మరిడమ్మ దిగి, షెడ్డులోకి వెళ్ళకుండా ఫ్యాక్టరీ వెనక్కి నడిచింది. మోటారు మీద చెయ్యి ఆనించి, వేడిగా ఉందో లేదో చూసుకుంది. తర్వాత కొంగు నడుముకి దోపుకుని పనిలోకి వెళ్ళింది. ఆఫీసు కిటికీలోంచి ఆయన అంతా చూస్తున్నారు.

“చూడండి మాస్టారూ, దానిక్కూడా నమ్మకం లేదు,” అన్నారు. మళ్ళీ మీరులోకి వచ్చేశారు.